కువైట్‌లో ఉన్నామెను తిరుపతి నుంచి ఇంటర్వ్యూ చేయాలంటే

ప్రశ్న: తిరుపతిలో పీహెచ్‌డీ చేస్తున్నాను. పీలేరు, రాయచోటి వైపు నుంచి ఇంటిపనికి కువైట్ వెళ్లిన ఆడవాళ్ల మీద నా అధ్యయనం. అక్కడికి వెళ్లే స్తోమత లేక వాట్సాప్ కాల్‌లోనే మాట్లాడి రికార్డు చేద్దామనుకుంటున్నా. మా ఎథిక్స్ కమిటీ (పరిశోధనలో పాల్గొనేవాళ్లకు హాని జరక్కుండా చూసే సంఘం) అనుమతి ఉంది, చాలదా? లండన్‌లో ఒక ప్రొఫెసర్ గారు ఈ అధ్యయనంలో మాతో కలిసి పనిచేస్తున్నారు, ఆడియోలు పంపమంటున్నారు.
– ఒక పాఠకురాలు

జవాబు: చాలదండీ. మీరున్నది తిరుపతిలోనే అయినా మాట్లాడే మనిషి ఉన్నది కువైట్‌లో, అక్కడి చట్టం కింద, కఫీల్ (వీసా ఇప్పించి పనిలో పెట్టుకున్న యజమాని) ఇంట్లో. అప్లికేషన్‌లో ఉత్త 'ఫోన్ ఇంటర్వ్యూలు' అని రాసి ఉంటే, ఏ దేశంలో ఉన్నవాళ్లతో మాట్లాడతారో, రికార్డింగు ఎవరి చేతికి వెళ్తుందో చేర్చి కమిటీకి మళ్లీ పెట్టండి. లండన్ ఆయన తన యూనివర్సిటీ కమిటీని అడగాలి, అది ఆయన పని. ఒకవేళ మీది ఆరోగ్య పరిశోధన అయితే, విదేశీ భాగస్వామి ఉన్నారు కాబట్టి 2017 ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాల ప్రకారం ఆరోగ్య మంత్రిత్వ శాఖ స్క్రీనింగ్ కమిటీ దాకా వెళ్లాలి.

ఇదంతా కాగితాల సంగతి. నాకు అసలు టెన్షన్ ఆమె ఫోన్ గురించి. సమ్మతి పత్రం పీడీఎఫ్ వాట్సాప్‌లో పంపి సంతకం పెట్టమంటారు చూడండి, అది ఆ ఫోన్‌లోనే ఉండిపోతుంది, రేపు మేడమ్ (ఆ ఇంటి యజమానురాలు) ఫోన్ లాక్కుని చూస్తే ఎవరు జవాబు చెప్తారు? నోటిమాటగా సమ్మతి తీసుకుంటామని కమిటీని ఒప్పించండి. కాల్ మొదట్లోనే 'పక్కన ఎవరైనా ఉన్నారా' అని అడిగి, ఉంటే పెట్టేయడానికి ఒక మాట అనుకోండి. టైమ్ ఆమే చెప్పాలి. అక్కడి 2015 నాటి 68వ నంబరు చట్టం రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదనీ, వారానికొక సెలవనీ అంటుంది గానీ ఆ సెలవు అందరికీ దొరుకుతుందని లెక్కేసుకోకండి.

ఊళ్లో భర్తనో అన్ననో పట్టుకుని నంబర్లు తీసుకుంటారు కదా, జాగ్రత్త. 'మా ఆయన చెప్పాడు, మాట్లాడతా' అంటే అది సమ్మతి కాదు. ఇంకొకటి, 30 ఏళ్లు నిండని ఆడవాళ్లను ఈసీఆర్ పాస్‌పోర్టు (పని కోసం కొన్ని దేశాలకు వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి తప్పనిసరైన పాస్‌పోర్టు) మీద ఇంటిపనికి గల్ఫ్ పంపడానికి మన ప్రభుత్వం ఒప్పుకోదు, కాబట్టి కొందరు విజిట్ వీసా అంటూ వేరే దారుల్లో వెళ్తారు. ఎలా వెళ్లావు, ఏజెంటెవరు అనేది రికార్డులో అడగకండి, ఆమే చెప్పినా ఆ ముక్క తీసేయండి.

ఆడియో పంపొద్దు. ఊరివాళ్లు గొంతు విని ఇట్టే పట్టేస్తారు. పేరు తీసేసి, మాట్లాడింది రాసిన రాతప్రతి పంపండి, అందులో మండలం, వయసు, పిల్లల సంఖ్య మూడూ కలిసి ఉంటే పేరు దాచి లాభం లేదు. లండన్ చేరాక, మనిషిని గుర్తుపట్టే వీలుంటే ఆ సమాచారానికి బ్రిటన్ డేటా చట్టం కూడా వర్తిస్తుంది, కాబట్టి ఎవరు చూస్తారు, ఎప్పుడు చెరిపేస్తారు అన్నది ముందే రాతపూర్వకంగా రాయించుకోండి.

కొడుతున్నారనో జీతం ఇవ్వడం లేదనో ఆమె చెబితే? మొదటి కాల్‌కు ముందే భారత రాయబార కార్యాలయం నంబరు, మన విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్‌లో ఫిర్యాదు చేసే పద్ధతి దగ్గర పెట్టుకోండి. ఆమె వద్దంటే మాత్రం మీరుగా ఫిర్యాదు పెట్టొద్దు.