కలెక్టరు జీపు రాకముందు

బరంపురం

అమ్మాయీ,

నువ్వు పంపిన బొమ్మల కథ ఆరు ఎపిసోడ్లూ నువ్వు కోరినట్టే ఫోనులో చదివాను. నీ పాఠకులు చూసేది అందులోనే గనుక తప్పొప్పులు అక్కడే తేలాలి. గీత బాగుంది. కొండవాలు మీద చోడిచేను బాగుంది. సంతలో చింతపండు తూస్తున్నవాడి చిటికెన వేలు తక్కెడ పళ్ళేన్ని తగిలీ తగలకుండా ఆనుకుని ఉండడం మరీ బాగుంది. ఆ వేలు గీసిన మనిషికి కథ చెప్పడం వచ్చు. అది గీయకపోయి ఉంటే రెండు వాక్యాల ఆశీస్సులు రాసి ఊరుకునేవాణ్ణి.

మూడో ఎపిసోడ్ దగ్గర నాకు చిక్కు వచ్చింది. షావుకారు ఒక కోంధు గిరిజన కుటుంబపు రెండెకరాలు తన పేర రిజిస్టరు చేయించుకుంటాడు. విశాఖలో ఇంజనీరింగు చదివే కుర్రాడు సెలవులకు వచ్చి వీడియో తీసి పెడతాడు. లక్షల మంది చూస్తారు. మర్నాడు కలెక్టరు జీపు దిగి, 1/70 చట్టం ప్రకారం ఈ భూమి మీదే అని పట్టా చేతిలో పెడతాడు. ఊరంతా చప్పట్లు. నీ ఉత్తరం చివర ఒక ప్రశ్న అడిగావు: “విషయం ఇంత ముఖ్యమైనది కదా మాస్టారూ, కథలో చిన్న చిన్న లొసుగులు ఎవరు పట్టించుకుంటారు?”

నేను పట్టించుకుంటాను. సామాజిక న్యాయం గురించి రాసేవాళ్ళు మిగతావాళ్ళ కంటే ఎక్కువ పట్టించుకోవాలి. కథలో నువ్వు ఎక్కడ అడ్డదారి తొక్కావో సరిగ్గా అక్కడే నీ షావుకారు తప్పించుకున్నాడు. వాణ్ణి జైలుకు పంపావు, నిజమే. కానీ వాడు ఆ భూమిని ఎలా కాజేశాడో పాఠకుడికి చూపించకుండా పంపావు. అలాంటి మరో షావుకారు ఎదురైతే నీ పాఠకుడు గుర్తుపట్టలేడు.

1/70 సంగతి ముందు చూద్దాం. అది ఆంధ్రది. 1959 నాటి గిరిజన ప్రాంతాల భూబదలాయింపు నిబంధనను 1970లో సవరించిన ఒకటో రెగ్యులేషన్ అది. సాలూరులో, పార్వతీపురంలో అందరి నోటా వినబడుతుంది గనుక మనకూ నాలిక మీద ఆడుతుంది. నీ కథ జరిగేది రాయగడ జిల్లాలో. అక్కడ ఉన్నది ఒడిశా వారి 1956 నాటి రెండో రెగ్యులేషన్. 2002లో వచ్చిన సవరణ తరువాత షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనుడి భూమిని గిరిజనేతరుడు కొనడానికి వీలే లేదు. రాయగడ జిల్లా మొత్తం షెడ్యూల్డు ప్రాంతమే. మీ పక్క గజపతి జిల్లాలో అలా కాదు, కొన్ని ప్రాంతాలే అందులోకి వస్తాయి, పర్లాకిమిడి పట్టణం రాదు. కథను ఒక్క బస్సు దూరం జరిపితే చట్టమే మారిపోయే చోట బతుకుతున్నాం మనం. అలాంటప్పుడు నీ కథలో మండలాఫీసు, ఆర్డీవో, వీఆర్వో ఎక్కడి నుంచి వచ్చారు? అక్కడ ఉండేది బ్లాకు, తాసీల్దారు, ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టరు), సబ్‌కలెక్టరు. పోలీసు స్టేషనుకు పెద్ద ఐఐసీ, అంటే ఇన్‌స్పెక్టర్ ఇన్‌చార్జ్. నువ్వు రోజూ చూస్తున్న బోర్డులే ఇవి. మనం చదివే తెలుగు కథల్లో ఆఫీసులన్నీ ఆంధ్రవే గనుక మన కథలోకీ అవే నడిచి వస్తాయి.

దీన్ని వట్టి పేర్ల తప్పు అనుకోకు. గిరిజనేతరుడి పేర రిజిస్ట్రేషనే కాదన్నప్పుడు, నీ షావుకారు ఆ భూమిని ఎలా పట్టాడు? కథంతా ఆ ప్రశ్నలోనే ఉంది. నువ్వు ఒక్క ప్యానెల్లో ఒక రబ్బరు స్టాంపు గీసి దాన్ని దాటేశావు. ఇలాంటి చోట్ల జరిగేవి చూడు. తన దగ్గర పనిచేసే గిరిజన పాలేరు పేరు మీద కొంటాడు. ఆ పాలేరుకు తన పేర భూమి ఉన్నట్టు కూడా తెలియకపోవచ్చు. లేదా గిరిజన స్త్రీని పెళ్ళాడి ఆమె పేర కొంటాడు. ఆమె ఆ ఇంట్లో ఎలా బతుకుతుందో వేరే కథ, నిజానికి పెద్ద కథ. అన్నిటికంటే తరచుగా జరిగేది, గీయడానికి అన్నిటికంటే కష్టమైనది మూడోది. అందులో అసలు కాగితమే ఉండదు. వానాకాలంలో పిల్లకు చలిజ్వరం వస్తుంది, రాత్రి అప్పు ఇచ్చేవాడు ఒక్కడే ఉంటాడు, బాకీ తీరేదాకా పంట నాది అంటాడు. బాకీ తీరదు. పట్టా ఇంకా వాళ్ళ పేరే ఉంటుంది, షావుకారి ఇనపపెట్టెలో భద్రంగా ఉంటుంది. పట్టా వాళ్ళది, పంట వాడిది.

ఇప్పుడు నీ కలెక్టరును పిలు. ఆయన జీపు దిగి ఏమిటి తిరిగి ఇప్పిస్తాడు? రికార్డు తెరిస్తే భూమి వాళ్ళ పేరే ఉంది! కాగితం ప్రకారం ఏ అన్యాయమూ జరగలేదు. నాకైతే ఆ ప్యానెల్ చూడాలని ఉంది. ఆర్‌ఐ పుస్తకం తిప్పి చూపిస్తూ, మీ భూమి మీ పేరే ఉంది కదమ్మా, ఇంక గొడవేమిటి అని మర్యాదగానే అడుగుతాడు. వాడు లంచగొండి కానక్కర్లేదు. నిజమే చెబుతున్నాడు. ఆ తల్లికి మాత్రం ఏం జవాబు చెప్పాలో తెలియదు. చట్టంలో దారి లేక కాదు. రిజిస్ట్రేషను లేకపోయినా, ఎవరైనా అలా పట్టుకు కూర్చుంటే ఖాళీ చేయించి భూమి ఇప్పించే అధికారం సబ్‌కలెక్టరుకు ఉంది. కానీ వాడు పట్టుకు కూర్చున్నాడని ఎవరో సాక్ష్యం చెప్పాలి. చెప్పవలసిన ఇరుగుపొరుగులందరి పేర్లూ అదే షావుకారి అప్పుల చిట్టా పుస్తకంలో ఉన్నాయి. నాలుగు, అయిదు, ఆరు ఎపిసోడ్లు దొరికాయా లేదా చెప్పు. పైగా వీటిలో ఎక్కడా ఎవడూ ఎవణ్ణీ కొట్టలేదు.

ఇంజనీరింగు కుర్రాడి గురించి కొంచెం. వీడియో వ్యాపించకూడదని నేను అనను, వ్యాపిస్తాయి. తరువాత ఏమవుతుంది? ఆ ఊళ్ళో సెలవులయ్యాక ఉండేది ఎవరు? షావుకారు ఈ ఏడు విత్తనానికి అప్పు ఇవ్వనంటే ఎవరు తట్టుకోవాలి? వీడియోలో ముఖం కనబడిన ఆ తల్లి మర్నాడు సంతకు ఎలా వెళ్ళింది? నీ ఆరు ఎపిసోడ్లలో ఆమె మాట్లాడిన బుడగలు లెక్కపెట్టుకో. ఏడ్చినవి వేరుగా, అడిగినవి వేరుగా. నేను లెక్కపెట్టాను. అంకె రాయను, నువ్వే చూసుకో. బయటి నుంచి వచ్చిన చదువుకున్నవాడు నోరు లేనివాళ్ళ తరఫున మాట్లాడడం మన తెలుగు కథకు పాత జబ్బు. దాని వల్ల కథ నమ్మశక్యం కాకుండా పోతుంది. తప్పెట మోగితే కొండ మీద నాలుగు ఊళ్ళు కూడే చోట, ఒక కుర్రాడు ఫోను ఎత్తేదాకా ఎవరికీ ఏ ఆలోచనా రాలేదంటే ఎవరు నమ్ముతారు?

అయిదో ఎపిసోడులో షావుకారు మనుషులు కులం పేరుతో తిట్టి చేయి చేసుకుంటారు. మర్నాడే వాడు ముందస్తు బెయిలుతో మీసం దువ్వుకుంటూ వస్తాడు. 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం కింద కేసు పెడితే ముందస్తు బెయిలుకు ఆ చట్టం 18వ సెక్షనే అడ్డం. దర్యాప్తు చేయవలసింది కూడా డీఎస్పీ స్థాయి అధికారి. మరి వీడికి బెయిలు ఎలా వచ్చింది? నాకు తోచే జవాబు ఒకటి ఉంది. ఫిర్యాదు రాసుకున్నప్పుడు ఆ తిట్టు రాయలేదు. “గొడవ జరిగింది, తోపులాట అయింది” అని రాసి వేలిముద్ర వేయించుకున్నారు. ఆ కాగితం, ఆ కలం, రాస్తున్నవాడు ఒక్క క్షణం ఆగి ఒక మాట వదిలేయడం, ఇవి గీయి. మీసం అక్కర్లేదు.

మీసం అన్నాను గనుక మరో మాట. నీ షావుకారుకు పొట్ట, మీసం, ఎర్ర కళ్ళు పెట్టావు. వాణ్ణి చూడగానే పారిపోవాలి గాని అప్పు అడగడానికి ఎవరు వెళతారు? అర్ధరాత్రి తలుపు తడితే తీసేవాడు, పిల్లకు ఎలా ఉందని అడిగేవాడు, డబ్బుతో పాటు ఒక దుప్పటి కూడా ఇచ్చేవాడు అయితేనే ఆ చిట్టా పుస్తకం అంత లావెక్కుతుంది. వాడు తెలుగువాడు కూడా కావచ్చు అమ్మాయీ. నీ కథలో వాడు ఏ భాష వాడో తేల్చకుండా జాగ్రత్తగా తప్పించుకున్నావు. ఒడిశాలో మనం తక్కువమంది. తెలుగు బడుల గురించి, తెలుగు టీచర్ల గురించి మన ఫిర్యాదులు మనకున్నాయి, అవి నిజమైనవే. అదే మనం కొండెక్కితే దుకాణం అరుగు మీద కూర్చునేవాళ్ళం. కింద బాధితుడు, పైన షావుకారు, మనిషి ఒకడే. నీ దగ్గర ఉన్న అసలు సరుకు ఇదే. హైదరాబాదులో కూర్చుని రాసేవాడికి దొరకదు. దీన్ని రాస్తే మనవాళ్ళు కొందరు నీ మీద కోప్పడతారు. కోప్పడనీ.

మాటల బుడగల్లో కోంధు పాత్రల చేత వచ్చీరాని తెలుగు పలికించావు. తమలో తాము మాట్లాడుకునేటప్పుడు కూడా! వాళ్ళింట్లో వాళ్ళు మాట్లాడేది కువి. అందులో తడబాటు ఎందుకుంటుంది? ఆ బుడగలు నిండైన తెలుగులో రాయి. తడబడవలసింది ఆఫీసులో ఒడియా కాగితం ముందు నిలబడినప్పుడు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకున్నారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వెలువడ్డాయి. నిన్ను నిఘంటువు రాయమనడం లేదు. ఆరు ఎపిసోడ్లకు సరిపడా కువి మాటలు మీ సంతలోనే దొరుకుతాయి.

గెలుపు చూపించకూడదా అని అడుగుతావు. చూపించు. మీ జిల్లాలోనే ఎంత పెద్ద గెలుపు ఉందో మరిచిపోయావా? 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు నియమగిరి కొండల్లో బాక్సైటు తవ్వకం సంగతి గ్రామసభలే తేల్చాలంది. ఆ జూలై, ఆగస్టు నెలల్లో రాయగడ, కలహండి జిల్లాల్లోని పన్నెండు ఊళ్ళలో పల్లిసభలు, అంటే ఊరి సభలు, జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. పక్కన జిల్లా జడ్జి కూర్చుని చూశారు. ఎవరో కల్పించి రాస్తే, పన్నెండుకు పన్నెండా అని నేనే పెన్సిలుతో గీత గీసి ఉండేవాణ్ణి. అది నమ్మదగినది ఎలా అయిందంటే, అంతకు ముందు ఏళ్ళ తరబడి నడిచిన నడకలు, దెబ్బలు, కేసులు, చీలికలు ఉన్నాయి గనుక. నీ ఫోను తెరకు దాని ఆకారం కూడా సరిపోతుంది. ఒక ఊరు, ఒక చెట్టు కింద బల్ల, ఒక ప్రశ్న, ఒక జవాబు. మళ్ళీ మరో ఊరు. పాఠకుడి బొటనవేలు కిందికి లాగుతూనే ఉంటుంది. ఏడో ఊరి దగ్గర వాడికి విసుగు పుట్టాలి, పదో ఊరి దగ్గర గుండె దడ పుట్టాలి. అచ్చు పేజీ మీద ఇది కుదరదు, రెండు పుటలు తెరిస్తే అన్నీ ఒకేసారి కనబడిపోతాయి. 2000ల మొదట్లో దక్షిణ కొరియా పోర్టళ్ళు నిలువుగా దిగే బొమ్మల కథను మొదలుపెట్టినప్పటి నుంచి గీసేవాళ్ళ చేతికి వచ్చిన కొత్త పనిముట్టు ఇదొక్కటే, రెండు ప్యానెళ్ళ మధ్య ఖాళీని ఎంత పొడుగైనా సాగదీయడం. సబ్‌కలెక్టరు కోర్టు వరండాలో ఎదురుచూపు గీయడానికి అంతకంటే ఏం కావాలి? నువ్వు ఆ ఖాళీని వీడియో చూసినవాళ్ళ అంకెలు పెరగడానికి వాడావు.

“కానీ ఇది నిజంగా జరిగింది” అనే మాట మాత్రం నాకు రాయకు. రెండో ఎపిసోడులో రెండు రాష్ట్రాల రేషన్ కార్డులున్న ముసలాయన ఉన్నాడు. ఆంధ్రా ఒడిశా రెండూ మావేనంటున్న కొఠియా ఊళ్ళలో అలాంటివాళ్ళున్నారు, నాకు తెలుసు. 1968 నుంచి కోర్టుల్లో నలుగుతున్న సరిహద్దు అది. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రవాళ్ళు అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్ళింది. కానీ గుంటూరు పాఠకుడికి అదంతా ఎక్కడ తెలుస్తుంది? వాడికి ఆ ముసలాయన కట్టుకథలా కనబడతాడు. ముందు ఒక ప్యానెల్లో రెండు సర్కారు బోర్డులు పక్కపక్కన గీసి, తరువాత కార్డులు తీయించు. సరిపోతుంది.

ఆరో ఎపిసోడ్ చివర ఒక అమ్మాయి మీద జరిగిన లైంగిక దాడిని పై వారం దాకా లాగడానికి ఎరగా వాడావు. తీసెయ్యి. ఇందులో చర్చ లేదు. అది మీ పక్క ఊళ్ళో జరిగినదని నీ ఉత్తరంలో నువ్వే రాశావు. అలాంటి కేసులో బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం నేరం, ఇప్పటి న్యాయసంహిత 72వ సెక్షను కింద శిక్ష ఉంది. పేరు మార్చానంటావు. బడి గోడ, ఇంటి ముందు పనసచెట్టు, తండ్రి చేసే పని ఉన్నవి ఉన్నట్టే గీశావు గదా, మీ వైపు వాళ్ళెవరికి తెలియదు? చట్టం లేకపోయినా ఈ మాటే చెప్పేవాణ్ణి. ఆ పిల్ల కూడా ఫోనులో బొమ్మల కథలు చదువుతుంది.

వారానికొక ఎపిసోడ్ అని ప్రకటించకు. వారం గడువు తరుముకొస్తే ఎవరైనా కలెక్టరునే పిలుస్తారు. పది ఎపిసోడ్లు గీసి పెట్టుకుని మొదటిది పెట్టు. మూడోది తిరగరాసేముందు సబ్‌కలెక్టరు కోర్టులో వాయిదాలున్న రోజు చూసుకుని ఒక పూట వరండాలో కూర్చుని రా. ఎవరి ముఖమూ గీయవద్దు, చెప్పులు, సంచులు, చేతుల్లో కాగితాలు మడిచి పట్టుకునే తీరు గీసుకో. మాటల అక్షరాలు ఇంకొంచెం పెద్దవి చెయ్యి, రాత్రి చదువుతుంటే నా కళ్ళజోడు చాలడం లేదు.

మీ నాన్నగారికి నమస్కారాలు చెప్పు. పండగకు బరంపురం వస్తే గీసిన కాగితాలు తీసుకుని రా.

ఆశీస్సులతో,
మాస్టారు