మూడో రోజు ఎక్కుడు గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

అయిదు రోజుల ట్రెక్, మోతంతా మీదే, దారిలో ఊళ్లు లేవు. మధ్యలో మనసు జారిపోతే ఎలా అని అడిగావు. జారుతుందమ్మా, అది ముందే తెలుసుకుని బయల్దేరు. మొదటి రోజు హుషారులో గడిచిపోతుంది. అలవాటు లేని శ్రమకు ఒళ్లు నొప్పులు 24 నుంచి 72 గంటల మధ్య ముదురుతాయి. కాబట్టి రెండో రోజు సాయంత్రమో మూడో రోజు ఎక్కుడులోనో ‘ఎందుకొచ్చిన తిప్పలు’ అనిపిస్తుంది.

అప్పుడు మనసుతో వాదన పెట్టుకోకు. బ్యాగు దించి కూర్చో, ముందు జాకెట్ వేసుకో. తిని ఎంతసేపైంది, నీళ్లు తాగి ఎంతసేపైంది, చలేస్తోందా, పాదంలో ఎక్కడైనా చురుక్కుమంటోందా, రొప్పుతూ నడుస్తున్నానా అని వరసగా చూసుకో. ‘నా వల్ల కాదు’ అన్న మాట చాలాసార్లు వీటిలో ఏదో ఒకదాని నుంచే వస్తుంది. దాన్ని సరిచేసుకుని ఇరవై నిమిషాలు ఆగాకే వెనక్కా ముందుకా అన్నది తేల్చుకో.

తిండి విషయంలో ఆకలయ్యేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. కండరాల్లో దాచుకున్న పిండిపదార్థం కొన్ని గంటల గట్టి ఎక్కుడుకే అడుగంటుతుంది. అది తగ్గేకొద్దీ కాళ్లు బరువెక్కుతాయి, ఊరికే చిరాకొస్తుంది. గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం పడాలి. గుప్పెడు ఎండుద్రాక్షలో సుమారు 30 గ్రాములుంటుంది. దాన్ని నడుం బెల్టు జేబులోనే పెట్టుకో. బ్యాగు అడుగున ఉన్న తిండి లేనట్టే లెక్క, ఎందుకంటే అలసిన మనిషి బ్యాగు విప్పడు. నీళ్లు గంటకు అర లీటరు, ఎండగా ఉంటే ఇంకొంచెం. వట్టి నీళ్లే అదే పనిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది, ఉప్పగా ఉండేది కూడా ఏదో ఒకటి నములు.

దూరం లెక్క తప్పితే మనసు తొందరగా విరుగుతుంది. 1892లో స్కాట్లండ్ పర్వతారోహకుడు నైస్మిత్ చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట. 12 కిలోమీటర్లు, 900 మీటర్ల ఎక్కుడు అంటే దాదాపు నాలుగు గంటలు. అది తేలిక బరువుతో, మంచి దారిలో, ఆగకుండా నడిచేవాళ్లకి. నువ్వు ఆరు గంటలు వేసుకో. మ్యాపులో కాంటూర్ గీతలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) ముందు రాత్రే చూసి, శిఖరంలా కనబడి మోసం చేసే గుట్టలు ఎన్నున్నాయో గుర్తుపెట్టుకో. మూడు దాటాక అసలుది అని తెలిస్తే రెండో దాని దగ్గర ఏడుపు రాదు.

నిలువు ఎక్కుడులో అడుగు వేసే పద్ధతి ఒకటుంది. ముందు కాలు పెట్టాక, వెనక కాలి మోకాలు నిటారుగా బిగించి, బరువంతా దాని మీదే ఒక్క క్షణం ఆపు. ఆ క్షణంలో బరువును మోసేది ఎముక, తొడ కండరం సేద తీరుతుంది. తర్వాత బరువు ముందుకు మార్చి లే. అడుగుకో శ్వాస. చూసేవాళ్లకి నత్తనడకే, అయితే ఏం! శిఖరం వైపు చూడకు. యాభై అడుగులు లెక్కపెట్టు, ఆగి పది శ్వాసలు తీసుకో, మళ్లీ యాభై. మాట్లాడుతూ నడవలేకపోతే వేగం ఎక్కువైనట్టు.

పాదంలో మంట మొదలైన నిమిషమే ఆగు, ‘మకాం చేరాక చూద్దాం’ అనకు. సాక్సు విప్పి, ఆరబెట్టి, టేపు మూలలు గుండ్రంగా కత్తిరించి ముడత లేకుండా అంటించు. బొబ్బ లేస్తే కుంటుతావు, కుంటితే మోకాలు పోతుంది.

పొద్దున స్లీపింగ్ బ్యాగులోంచి బయటికి రావడం ఎక్కుడుకన్నా కష్టం. నడక బట్టలు తడిగా ఉన్నా వాటినే వేసుకో. పొడి జత పడుకోవడానికి మాత్రమే. అది కూడా తడిస్తే రాత్రి నిద్ర ఉండదు, నిద్ర లేకపోతే మర్నాడు పట్టుదల ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఓర్చుకోకూడనివీ ఉన్నాయి. 2,500 మీటర్లు దాటాక తలనొప్పితో వాంతి వచ్చేలా ఉంటే ఇంకా పైకి ఎక్కొద్దు. తగ్గకపోయినా, ముదిరినా దిగిపో. నడక తూలుతుంటే, మాట తికమకగా వస్తుంటే రాత్రయినా సరే, తోడుతో వెంటనే దిగాలి. 3,000 మీటర్ల పైన పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెంచకు. వణుకుతూ జిప్పు పెట్టుకోలేకపోతే, మాట ముద్దగా వస్తే అక్కడే టెంటు వేసి పొడి బట్టలు మార్చుకో. ఒళ్లు వెచ్చబడకుండానే వణుకు ఆగిపోతే అది ప్రమాదం. శిఖరానికి వెళ్లే రోజు వెనుదిరిగే టైము పొద్దున్నే తోటివాళ్లందరితో అనుకోండి. పైన నిలబడి బేరమాడొద్దు.

దారి, రాత్రి మకాములు, ఏ రోజుకి కబురు రాకపోతే రక్షణ బృందానికి చెప్పాలో కాగితం మీద రాసి ఇంట్లో ఇచ్చి వెళ్లు. ఒక కాపీ నాకూ పంపు.

ఇట్లు,
పెదనాన్న