కిరీటం ఏడాదికి, ఒప్పందం మూడేళ్ళకా?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మా అమ్మాయికి ఇరవై ఏళ్ళు, బీటెక్ సీఎస్ఈ థర్డ్ ఇయర్. కిందటి నెల విజయవాడలో ఒక హోటల్లో పెట్టిన రాష్ట్రస్థాయి అందాల పోటీలో గెలిచింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు స్నేహితులతో కలిసి సింగ్‌నగర్‌కి పాలప్యాకెట్లు, రొట్టెలు పట్టుకెళ్ళింది. అక్కడ ఒకావిడ చెవి దగ్గరికొచ్చి ‘ప్యాడ్లు ఏమైనా ఉన్నాయామ్మా’ అని అడిగిందట. అప్పటి నుంచీ ఇంట్లో నెలసరి గురించే మాట. పోటీలో చివరి ప్రశ్నకి కూడా అదే చెప్పింది. ఇప్పుడు బీటెక్ ఆపేసి జర్నలిజంలో చేరతానంటోంది. యాంకర్ అవ్వాలట, ఉద్యమం చేయాలట. పోటీ నిర్వాహకులు మూడేళ్ళ ఒప్పందం మీద సంతకం పెట్టమని నెలాఖరు దాకా గడువిచ్చారు. మావారు మిర్చియార్డులో కమీషన్ వ్యాపారి. ‘నలుగురిలో మైకు పట్టుకుని ఆ మాటలేంటి’ అని కూతురితో మాట్లాడటమే మానేశారు. మాకు దారేదో చెప్పండి. – ఒక తల్లి

జవాబు: ముందు ఆ ఒప్పందం సంగతి చూద్దామండీ. చదువు గురించి వారం తర్వాత మాట్లాడుకున్నా కొంపేం మునగదు. సంతకం అలా కాదు.

ఒకప్పుడు నా దగ్గరికి ఓ అమ్మాయి వచ్చింది, ఇలాంటి పోటీలోనే రెండో స్థానం. తెలిసినవాళ్ళు బీసెంట్ రోడ్డులో చీరల కొట్టు తెరుస్తూ పిలిస్తే వెళ్ళి రిబ్బను కత్తిరించింది. పదివేలు, ఒక పట్టుచీర ఇచ్చారు. వారం తిరక్కుండా నిర్వాహకుల దగ్గర్నుంచి లాయరు నోటీసు. తమకి చెప్పకుండా ఏ కార్యక్రమానికీ వెళ్ళకూడదని ఒప్పందం ఏడో పేజీలో ఉందట. ఆ పిల్ల ఏడో పేజీ దాకా ఎక్కడ చదివింది? బయట ఫోటోగ్రాఫర్లు ఎదురుచూస్తుంటే కారులో కూర్చుని, మోకాలి మీద పెట్టుకుని సంతకాలు చేసేసింది. పదివేలూ పోయాయి, పైన లాయరు ఫీజు.

మీ అమ్మాయి మేజరు. మీరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఆమె సంతకం చెల్లుతుంది. కాబట్టి అరుచుకోకుండా ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ప్రతి పేజీ చదవండి. వచ్చే డబ్బులో వాళ్ళ వాటా ఎంత, ఫోటోల మీద హక్కు ఎవరిది, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి అన్న చోట్ల పెన్సిలు గీత పెట్టండి. కిరీటం ఎలాగూ ఏడాదికే, వచ్చే ఏడు ఇంకో అమ్మాయి తలకి పెడతారు. అలాంటప్పుడు మూడేళ్ళ కట్టుబాటు ఎందుకని అడగండి. ఏడాదికి తగ్గిస్తే సరే. చదువు, సేవా కార్యక్రమాలు, వార్తాసంస్థల్లో శిక్షణ, ఈ మూడింటికీ వాళ్ళ అనుమతి అక్కర్లేదని రాతలో పెట్టించండి. పెద్ద పోటీకి పంపిస్తాం, ఇంత కట్టండి అంటే మాత్రం లేచి వచ్చేయండి. సంతకానికి ముందు ఆ కాగితాల్ని ఒక సివిల్ లాయరు చూడాలి. మీ బంధువుల్లో ఎవరో ఒకరు ఉండే ఉంటారు, గుంటూరులో లాయరు లేని చుట్టరికం ఉంటుందా!

బీటెక్ ఆపొద్దు. డిగ్రీ చేతిలో ఉంటే ధైర్యం అని మనం ఇళ్ళల్లో పాడే పాట కాదిది, లెక్క వేసి చెబుతున్నాను. జర్నలిజం పీజీలో చేరడానికి ఏ డిగ్రీ అయినా చాలు. నాగార్జున యూనివర్సిటీకి ఏపీ పీజీసెట్, ఉస్మానియాకి సీపీగెట్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ రాయాలి. ఆ క్లాసుల్లో ఇంజినీర్లు కొత్తేం కాదు. ఇప్పుడు ఆపేస్తే మళ్ళీ మొదటి నుంచి ఒక డిగ్రీ, ఆ తర్వాత పీజీ. ఉన్నది పూర్తి చేస్తే ఏడాదిన్నరలో నేరుగా పీజీ ఎంట్రన్స్ రాసుకోవచ్చు. చూసుకోవాల్సింది హాజరు ఒక్కటే. జేఎన్‌టీయూ కాలేజీల్లో 75 శాతం కావాలి. 65కి పైన ఉంటే కారణం చూపించి, ఫీజు కట్టి గట్టెక్కొచ్చు. అంతకు తగ్గితే ఆ సెమిస్టర్ జూనియర్లతో కూర్చోవాలి. షోరూం ముహూర్తాలకి మన సెమిస్టర్లతో పనిలేదు, బుధవారం పొద్దున పదకొండుకే పెడతారు.

మీ అమ్మాయి మానుషి ఛిల్లర్ పేరు ఎత్తే ఉంటుంది. ఎంబీబీఎస్ చదువుతూ 2017లో మిస్ వరల్డ్ అయింది, ఆమె ప్రచారం కూడా నెలసరి పరిశుభ్రత గురించే, తర్వాత సినిమాల్లోకి వెళ్ళింది. నిజమే. కానీ అది మిస్ వరల్డ్. మనకి దగ్గరగా చూస్తే, 2020 మిస్ ఇండియా మానస వారణాసి హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ పూర్తి చేసి, ఉద్యోగం చేస్తూ పోటీకి వెళ్ళింది. తెనాలిలో పుట్టిన శోభిత ధూళిపాళ 2013లో మిస్ ఎర్త్ ఇండియా, మొదటి సినిమా వచ్చింది 2016లో. జాతీయ స్థాయిలో గెలిచినా మధ్యలో మూడేళ్ళు!

నాకు వీళ్ళందరికంటే నీనా దావులూరి కథ ఇష్టం. తల్లిదండ్రులు విజయవాడ వాళ్ళు, పసితనంలో కొంతకాలం ఆమె పెరిగింది కూడా ఇక్కడే. 2013 సెప్టెంబరులో మిస్ అమెరికా పోటీలో గెలిచింది, టాలెంట్ రౌండులో కూచిపూడి కలిపిన నాట్యం చేసి. ఆ రాత్రే ఇంటర్నెట్‌లో జాతిని పట్టుకుని తిట్లు మొదలయ్యాయి. ఇక్కడ మనవాళ్ళేమో, ఆ రంగుతో ఇండియాలో అయితే గెలిచేదా అని చర్చ పెట్టారు. రెండూ విన్న ఆ అమ్మాయి తర్వాత చర్మం రంగు మీద వివక్షనే తన అంశం చేసుకుని, డాక్యుమెంటరీ తీసింది. ఉద్యమం, మీడియా అని వేరువేరు పెట్టెలు పెట్టుకోలేదు. మీ అమ్మాయికి నేను చూపించాలనుకునేది ఇదే.

మీడియాకి మొదట కావాల్సింది తెలుగు. మొహం కాదు. నా దగ్గరికొచ్చే పిల్లలకి ఆ రోజు పేపరిచ్చి ఒక పేరా గట్టిగా చదవమంటాను. మొన్నొక అమ్మాయి, టీవీకే పుట్టినట్టుంది, ‘శాసనసభ’ని ‘సాసనసభ’ అంది, ‘బాణసంచా’ని ‘బానసంచా’ చేసింది. ‘ళ’ ఎక్కడా పలకలేదు. ఆమెనేం అనాలి? ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీషు మీడియం, ఇంటర్‌లో మార్కుల కోసం సెకండ్ లాంగ్వేజీ సంస్కృతం. మన కార్పొరేట్ కాలేజీల దయ. మీ అమ్మాయిదీ అదే దారి అయి ఉంటుందని నా అనుమానం. రోజూ అరగంట సంపాదకీయం గట్టిగా చదివించండి, ఫోన్లో రికార్డు చేసి తననే వినమనండి. మొదటి వారం భరించలేదు. మూడో నెలకి గొంతు మారుతుంది. విజయవాడ బందరు రోడ్డు పున్నమ్మతోటలో ఆకాశవాణి ఉంది, 1948 నుంచీ. క్యాజువల్ అనౌన్సర్ల కోసం అక్కడ ప్రకటన పడినప్పుడు రాత పరీక్షా ఉంటుంది, గొంతు పరీక్షా ఉంటుంది. సెలెక్ట్ కాకపోయినా ఫరవాలేదు, ఆ పరీక్షకి తయారవడమే పెద్ద చదువు.

చానెల్లో చేరినా మొదటి రోజే బులెటిన్ చేతికివ్వరు. స్క్రిప్టు రాయాలి, అరగంట మాట్లాడిన మనిషి దగ్గర్నుంచి ఇరవై సెకన్ల బైట్, అంటే ప్రసారంలో వేసే మాట ముక్క, ఏరాలి, వాయిస్ ఓవర్ చెప్పాలి. కిరీటం స్క్రీన్ టెస్ట్ దాకా తీసుకెళ్తుంది. చదవాల్సింది తెర మీద చూపించే టెలీప్రాంప్టర్ ఆగిపోయిన క్షణంలో ఆదుకునేది ఆ రాసిన చెయ్యే.

ఉద్యమం విషయంలో నాకొక బెంగ ఉంది. నెలసరి పరిశుభ్రత అన్నది పెద్ద బ్యానరు, దాని కింద ఎవరైనా ఏదైనా మాట్లాడొచ్చు. ప్యాడ్ల మీద జీఎస్టీ 2018 జులైలోనే ఎత్తేశారు, అయినా ఆ పన్ను తీసేయాలని ఇప్పటికీ వేదికల మీద వినపడుతూనే ఉంటుంది. మీ అమ్మాయి అలా దొరికిపోకూడదు. సింగ్‌నగర్‌లో ఆవిడ చెవిలో అడిగిన మాటలో ఉన్న బలం నినాదాల్లో ఉండదు. 2025 మేలో హైదరాబాద్‌లో మిస్ వరల్డ్ కిరీటం పెట్టుకున్న థాయ్‌లాండ్ అమ్మాయి సుచాతని చూడండి. పదహారేళ్ళప్పుడు తన రొమ్ములో గడ్డ కనపడింది, అదే ఆమె ప్రచారమైంది. తను చూసింది, తనకి తెలిసింది ఒక్కటి చాలు.

అలాంటి చోటు మీవారికి నాకంటే బాగా తెలుసు. యార్డు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల దగ్గర మిరపకాయల తొడిమలు తీసే ఆడకూలీలు పొద్దుటి నుంచీ గోనె పట్టాల మీద కూర్చునే ఉంటారు. ఘాటు చేతులకి పట్టేస్తుంది, సబ్బు పెట్టి రుద్దినా ఒక పట్టాన వదలదు. కన్ను దురద పెడితే మోచేత్తో తుడుచుకుంటారు. ఆ చేతులతో నెలసరి రోజుల్లో గుడ్డో ప్యాడో మార్చుకోవడం ఎలా? మరుగుదొడ్డి ఎంత దూరం, అందులో నీళ్ళున్నాయా, మధ్యలో లేచి వెళ్తే కూలి తగ్గుతుందా? మీ అమ్మాయి అడగాల్సినవి ఇవి. మొదటి నెల రీల్స్ వద్దు, ఫోటోలూ వద్దు, నోట్‌బుక్ చాలు. పదిహేను మందితో మాట్లాడి రాసుకుంటే జర్నలిజం ఇంటర్వ్యూలో బల్ల మీద పెట్టడానికి ఆమె దగ్గర సొంత సరుకు ఉంటుంది. సంస్థలో పని నేర్చుకోవాలనుకుంటే విజయవాడలో 1969 నుంచీ ఉన్న వాసవ్య మహిళా మండలి లాంటి చోట వేసవిలో వాలంటీరుగా తీసుకుంటారేమో అడగమనండి.

డబ్బు కూడా వస్తుంది, దాచడమెందుకు. ఫాలోవర్లు పెరగ్గానే ప్యాడ్ల కంపెనీయే ముందు ఫోన్ చేస్తుంది. తీసుకుంటే అది ప్రకటన అని స్పష్టంగా చెప్పి తీరాలి. తప్పుదోవ పట్టించే ప్రకటనకి వినియోగదారుల చట్టం కింద పది లక్షల దాకా జరిమానా ఉంది. నన్నడిగితే, ఏ విషయం మీద ఉద్యమం చేస్తోందో ఆ సరుకు ప్రకటన మొదటి రెండేళ్ళు ముట్టుకోవద్దు. చీరలు, నగలు చేసుకోమనండి, అందులో తప్పేముంది. రంగు పెంచే క్రీములకి దూరం. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల జోలికి మాత్రం అసలు పోవద్దు: 2025లో వచ్చిన చట్టం ప్రకారం వాటికి ప్రచారం చేస్తే రెండేళ్ళ దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. అదే ఏడు మార్చిలో బెట్టింగ్ యాప్‌ల మీద హైదరాబాద్‌లో పెట్టిన కేసుల్లో ఎవరెవరి పేర్లున్నాయో మీ అమ్మాయికి మీకంటే బాగా తెలుసు.

ఇక మీవారు. ఆయన్ని ఒప్పించడానికి కూతురి చేత ఉపన్యాసం ఇప్పించకండి. మైకులో ఆ మాట వినలేని మనిషి, ఆ ఆడవాళ్ళ మధ్య నుంచి రోజూ నడుచుకుంటూ వెళ్తున్నారు. పెద్దావిడ ఎవరో, కూలి ఇప్పించే మేస్త్రీ ఎవరో ఆయనకి పేరుపేరునా తెలుసు. ఆయన చెబితేనే వాళ్ళు మీ అమ్మాయితో నోరు విప్పుతారు, కిరీటాన్ని చూసి కాదు. ‘నాన్నా, ఒక్క పూట నన్ను తీసుకెళ్ళి వాళ్ళకి పరిచయం చేసి వచ్చేయండి, మిగతాది నేను చూసుకుంటా’ అని అడగమనండి. ఏం అడగబోతోందో ముందే చెప్పాలి, దాచొద్దు. ఆయన పక్కన నిలబడి వినక్కర్లేదు, కాటా దగ్గరికి వెళ్ళిపోవచ్చు. యార్డుకి వేసవి సెలవులు ఇచ్చేలోపే వెళ్ళండి, ఆ తర్వాత అక్కడ ఎవరూ దొరకరు.