బాగ్దాద్ గురించి రాసే ముందు: ఒక యువ రచయితకు లేఖ

నాయనా,

ఇరాక్ మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. అంత దూరాన ఉన్న దేశం గురించి తెలుగులో రాయాలని నీకు అనిపించినందుకే ముందు సంతోషమైంది. మన పత్రికల్లో అరబ్బు దేశాల మాట ఎప్పుడొస్తుంది? బాంబు పేలినప్పుడు, వీసా రూల్సు మారినప్పుడు, పెట్రోలు ధర పెరిగినప్పుడు. మిగతా రోజుల్లో అక్కడి మనుషులు ఎలా బతుకుతున్నారో చెప్పేవాళ్లు చాలా తక్కువ. నువ్వు ఆ పనికి పూనుకున్నావు కాబట్టి మొహమాటం పెట్టుకోకుండా రాస్తున్నాను.

నీ మొదటి వాక్యం కొట్టెయ్యి. "ఇరాక్‌లో షియాలు, సున్నీలు 1400 ఏళ్లుగా కొట్టుకు చస్తున్నారు" అని మొదలుపెట్టావు. అది చదివాక ఇక ముందుకు పోవాల్సిన అవసరం ఎవరికీ ఉండదు. వాళ్లంతేలే, పుట్టుకతోనే వచ్చింది అనుకుని పేజీ తిప్పేస్తారు. పైగా అది నిజం కాదు. ఇస్లాంలోని ఈ రెండు వర్గాల మధ్య తేడా పాతదే. 680లో కర్బలాలో ప్రవక్త మనవడు హుసేన్‌ను చంపిన దుఃఖమూ పాతదే. కానీ ఆ దుఃఖాన్ని తలుచుకుని గుండెలు బాదుకోవడం వేరు, పక్కింటివాణ్ని చంపడం వేరు. పక్కింటివాణ్ని చంపే రోజు వచ్చిందంటే దాని వెనక ఒక సంవత్సరం, ఒక నెల, ఒక ఉత్తర్వు, దాని కింద ఒక సంతకం తప్పకుండా ఉంటాయి. వాటిని వెతికి పట్టుకోవడమే నీ పని.

కర్బలా మన పాఠకుడికి కొత్త పేరేమీ కాదని కూడా గుర్తుపెట్టుకో. పీర్ల పండగ జరిగే ఊళ్లో పెరిగినవాళ్లు హసన్, హుసేన్‌ల పాటలు వింటూనే పెరిగారు. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయిస్వామి దగ్గర మొక్కులు తీర్చుకునేవాళ్లలో హిందువులు ఎంతమందో నీకూ తెలుసు. అంత దగ్గరి పేరును నువ్వు శత్రుత్వానికి గుర్తుగా వాడి వదిలేశావు. నాకు బాధనిపించింది.

1920కి వెళ్లి చూడు. బ్రిటిష్ పాలన మీద తిరుగుబాటుకు ముందు, ఆ ఏడాది రంజాన్‌లో, బాగ్దాద్ మసీదుల్లో సున్నీలూ షియాలూ కలిసి కూర్చున్నారు. ప్రవక్త జన్మదినం పాటలు, హుసేన్ శోకగీతాలు ఒకే సభలో చదివారు, తర్వాత రాజకీయ ఉపన్యాసాలు ఇచ్చారు. షమ్మర్, జుబూర్ లాంటి పెద్ద తెగల్లో ఈనాటికీ సున్నీ శాఖలూ ఉన్నాయి, షియా శాఖలూ ఉన్నాయి. 1980 నుంచి 1988 దాకా ఇరాన్‌తో జరిగిన యుద్ధంలో ఇరాక్ తరఫున కందకాల్లో నిలబడిన మామూలు సిపాయిల్లో ఎక్కువమంది షియాలే. అవతల ఉన్నదీ షియా దేశమే. మతవర్గం ఒక్కటే మనుషుల్ని నడిపిస్తే ఆ ఎనిమిదేళ్ల యుద్ధాన్ని ఎలా వివరిస్తావు?

ఇక 2003. నీ వ్యాసంలో ఈ సంవత్సరానికి రెండు వాక్యాలు కేటాయించావు. నేనైతే సగం వ్యాసం ఇక్కడే రాస్తాను. ఏప్రిల్ 9న అమెరికా సైన్యం చేతుల్లో బాగ్దాద్ పడిపోయింది. మే 16న అమెరికా పాలనాధికారి పాల్ బ్రెమర్ మొదటి ఉత్తర్వు ఇచ్చాడు. సద్దాం హుసేన్ నడిపిన బాత్ పార్టీలో పై నాలుగు స్థాయుల్లో సభ్యత్వం ఉన్నవాళ్లెవరూ ప్రభుత్వ ఉద్యోగంలో ఉండకూడదన్నాడు. ఉద్యోగం కోసం, ప్రమోషన్ కోసం పార్టీలో చేరిన బడి పంతుళ్లు కూడా వేల సంఖ్యలో రోడ్డున పడ్డారు. వారం తిరిగిందో లేదో, మే 23న రెండో ఉత్తర్వు వచ్చింది. దాంతో సైన్యం మొత్తం రద్దయింది. దాదాపు 4 లక్షల మంది జీతం లేకుండా ఇంటికి పోయారు. తుపాకులు మాత్రం వాళ్ల దగ్గరే ఉన్నాయి. జూన్‌లో మాజీ సైనికులు జీతాల కోసం బాగ్దాద్‌లో ధర్నా చేస్తే అమెరికా సైనికులు కాల్చారు, ఇద్దరు చనిపోయారు. ఆ తర్వాత నెలనెలా కొంత భత్యం ఇస్తామన్నారు కానీ, ఆ అవమానం మానలేదు.

జూలైలో అమెరికా నియమించిన పాలక మండలి ఏర్పడింది. 25 సీట్లు. 13 షియాలకు, 5 సున్నీ అరబ్బులకు, 5 కుర్దులకు, తుర్కుమెన్లకు ఒకటి, అస్సిరియన్ క్రైస్తవులకు ఒకటి. ఇక్కడ నువ్వు తప్పకుండా రాయాల్సిన ఒక వివరం ఉంది. ఇరాక్ కమ్యూనిస్టు పార్టీ కార్యదర్శి కూడా ఆ మండలిలో సభ్యుడు. ఆయన్ని షియాల లెక్కలో వేశారు. జీవితమంతా మతంతో పని లేని రాజకీయం చేసిన మనిషిక్కూడా పుట్టుకను బట్టే కుర్చీ వేశారన్నమాట. అక్కణ్నించి మంత్రిత్వ శాఖలు, శాఖల్లోని ఉద్యోగాలు, కాంట్రాక్టులు అన్నీ ఈ వాటాల ప్రకారమే పంచుకోవడం మొదలైంది. అలాంటి చోట మామూలు మనిషికి బతకడానికి తన వర్గం పార్టీ తప్ప ఇంకో దారి ఉండదు. "షియా-సున్నీ గొడవ" అని మనం తేలిగ్గా అనేసేదాంట్లో ఎంత భాగం ఈ ఉద్యోగాల పంపకమో ఆలోచించు.

ఇంకో రెండు తేదీలు పక్కపక్కన పెట్టుకో. 2005 ఆగస్టు 31. బాగ్దాద్‌లో టిగ్రిస్ నదికి ఒక ఒడ్డున సున్నీల ఆజమియా, అవతలి ఒడ్డున షియాల కాజిమియా. మధ్యలో ఇమాముల వంతెన. ఇమామ్ మూసా కాజిమ్ దర్గాకు వేలమంది నడిచిపోతుంటే, గుంపులో ఆత్మాహుతి బాంబరు ఉన్నాడని పుకారు లేచింది. తొక్కిసలాట జరిగింది, వంతెన రెయిలింగ్ విరిగింది. 950 మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు. ఆజమియా కుర్రాళ్లు ఎవరూ పిలవకుండానే నీళ్లలోకి దూకారు. వాళ్లలో ఒక యువకుడు ఒకరి తర్వాత ఒకరిని ఒడ్డుకు చేర్చి, చివరికి ఒంట్లో శక్తి లేక తనే మునిగిపోయాడు. సున్నీ పిల్లాడు, కాపాడింది షియా యాత్రికుల్ని.

రెండో తేదీ 2006 ఫిబ్రవరి 22. సమర్రాలో షియాలకు పవిత్రమైన అల్ అస్కరీ దర్గా బంగారు గుమ్మటాన్ని పేల్చేశారు. ఆ తర్వాత బాగ్దాద్ వీధుల్లో రోజూ శవాలు దొరికాయి. కలిసి బతికిన పేటలు ఖాళీ అయ్యాయి. పేరు ఉమర్ లాంటి సున్నీ పేరైతే చెక్‌పోస్టు దగ్గర ప్రాణం పోతుందని, జనం జేబులో వేరే పేరుతో దొంగ గుర్తింపు కార్డు పెట్టుకుని తిరిగారు. 2007 ఏప్రిల్‌లో ఆజమియా చుట్టూ అమెరికా సైన్యం కాంక్రీటు గోడ కట్టడం మొదలుపెట్టింది.

ఆ రెండు తేదీల మధ్య ఆరు నెలలు కూడా లేవు. వంతెన కింద నీళ్లలోకి దూకిన ఊరు చుట్టూ గోడ లేచే దాకా ఎలా వచ్చింది? నీ వ్యాసానికి అసలు ప్రశ్న ఇదే అనుకుంటాను. జవాబు 1400 ఏళ్ల వెనక దొరకదు. షియాలను దెబ్బ తీస్తే వాళ్లు సున్నీల మీద పడతారు, అప్పుడు సున్నీలంతా తన వెనక చేరతారు అన్న పథకం ఇరాక్‌లో అల్ ఖైదాకు నాయకుడైన జర్కావీదని, అతను రాసినట్టుగా 2004లో అమెరికా బయటపెట్టిన ఒక ఉత్తరం చెబుతుంది. ఇటు హోం శాఖ పోలీసుల్లో షియా సాయుధ ముఠాల మనుషులు చేరారు. రాత్రి తలుపు కొట్టింది పోలీసో, పోలీసు బట్టలు వేసుకున్న హంతకుడో తెలియని పరిస్థితి. అలాంటప్పుడు వీధి చివర తుపాకీ పట్టుకుని నిలబడ్డ మనవాడే దిక్కనిపిస్తాడు. భయాన్ని ఇలా మెట్టుమెట్టుగా రాయాలి. ద్వేషం అని ఒక్క మాటలో తేల్చేస్తే ఎవరి బాధ్యత ఎంతో పాఠకుడికి ఎప్పటికీ తెలియదు.

అయితే ఇంత చెప్పానని, పాత బాగ్దాద్‌ను స్వర్గంలా రాయకు. ఈ తరహా వ్యాసాలు రాసేవాళ్లు చాలామంది "ఒకప్పుడు అందరూ అన్నదమ్ముల్లా ఉండేవాళ్లు" అనే పాట ఎత్తుకుంటారు. 1933లో సిమేలేలో అస్సిరియన్ క్రైస్తవుల్ని ఇరాక్ సైన్యమే ఊచకోత కోసింది. 1932లో కైరోలో జరిగిన అరబ్బు సంగీత మహాసభకు ఇరాక్ పంపిన వాద్యబృందంలో దాదాపు అందరూ యూదులే. అలాంటి బాగ్దాద్‌లోనే 1941 జూన్ 1, 2 తేదీల్లో యూదుల ఇళ్ల మీద పడి దాదాపు 180 మందిని చంపారు. మరో పదేళ్లకు లక్షా 20 వేల మంది యూదులు తరతరాల ఊరు వదిలి వెళ్లిపోయారు. 1988 మార్చి 16న హలబ్జాలో సద్దాం సైన్యం విషవాయువు వదిలితే ఒక్కరోజులో దాదాపు 5 వేల మంది కుర్దులు చనిపోయారు. 1991లో దక్షిణాన షియాలు తిరగబడితే ఊళ్లకు ఊళ్లు నలిపేశారు. నీ వ్యాసంలో సద్దాం పేరు అమెరికాకు ఎదురు నిలిచిన మొనగాడిగా ఒక్కసారే వచ్చింది. మన దగ్గర ఆ అభిమానం ఉందని నాకు తెలుసు. హలబ్జా తల్లి నీ వ్యాసం చదివితే ఏమనుకుంటుందో ఆలోచించి ఆ పేరా మళ్లీ రాయి. అమెరికా చేసింది నేరం అని గట్టిగా రాయడానికి సద్దాంను మంచివాణ్ని చేయాల్సిన అవసరం లేదు.

అంకెల సంగతి. కువైట్ ఆక్రమణ తర్వాత ఐక్యరాజ్యసమితి ఇరాక్ మీద పెట్టిన ఆంక్షల వల్ల 5 లక్షల మంది పిల్లలు చనిపోయారని రాశావు. 1990ల్లో ప్రపంచమంతా నమ్మిన లెక్క అది. ఆ లెక్కకు ఆధారమైన సర్వే వివరాల్ని సద్దాం ప్రభుత్వం తారుమారు చేసిందని, 2003 తర్వాత జరిగిన సర్వేలతో పోల్చి చూసిన పరిశోధకులు తేల్చారు. ఆంక్షలు జనాన్ని నలిపేశాయనడంలో అబద్ధం లేదు. పంతులు నెల జీతం కొద్ది డాలర్లకు పడిపోయింది, పిండి, బియ్యం, చక్కెర, టీ, నూనె రేషన్ మీద ఇళ్లు నడిచాయి. అవి రాయి, చాలు. 2003 తర్వాతి మరణాల దగ్గర కూడా ఇదే జాగ్రత్త కావాలి. లాన్సెట్ వైద్య పత్రికలో 2006లో వచ్చిన ఇంటింటి సర్వే, యుద్ధం రాకపోతే జరగని అదనపు మరణాలు 6,55,000 అని అంచనా వేసింది. వార్తల్లో నమోదైన పౌరుల చావుల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టే ఇరాక్ బాడీ కౌంట్ దగ్గర అదే కాలానికి అందులో పదో వంతు కూడా లేదు. అవి రెండూ వేర్వేరు సంగతుల్ని లెక్కపెడుతున్నాయి. ఏది వాడితే అది దేని లెక్కో చెప్పు. పెద్ద అంకె రాస్తే బాధ పెద్దదవుతుందనుకోకు.

నీ వ్యాసంలో అన్నిటికంటే నాకు లోటనిపించింది ఇది: మొత్తం రాతలో ఒక్క కవి లేడు, ఒక్క పాట లేదు, ఒక్క టీ కొట్టు లేదు. ఆ ఊరు చదివే ఊరు. కైరో రాస్తుంది, బీరూట్ అచ్చువేస్తుంది, బాగ్దాద్ చదువుతుంది అని అరబ్బులే అంటారు. నాజిక్ అల్ మలాయికా అనే ఇరవై నాలుగేళ్ల బాగ్దాద్ అమ్మాయి 1947లో ఈజిప్టు కలరా చావుల మీద ఒక కవిత రాసి, వందల ఏళ్ల అరబ్బు ఛందస్సును పక్కకు నెట్టింది. బస్రా దగ్గరి పల్లెటూరివాడు బద్ర్ షాకిర్ అల్ సయ్యాబ్ కూడా అప్పుడే ఆ దారి పట్టాడు. మన దగ్గరా ఛందస్సు కావాలా వద్దా అని వాదులాటలు నడుస్తున్న కాలమే అది. తెలుగు పాఠకుడికి ఇంతకంటే దగ్గరి సంగతి ఏముంటుంది?

ముతనబ్బీ వీధి గురించి తప్పకుండా రాయి. పదో శతాబ్దపు కవి పేరు పెట్టుకున్న పుస్తకాల బజారు. శుక్రవారాలు పుస్తకాలు నేల మీద పరుస్తారు. ఆంక్షల కాలంలో ప్రొఫెసర్లు తమ ఇళ్లలోని పుస్తకాలు తెచ్చి ఇక్కడే అమ్ముకుని బియ్యం కొనుక్కున్నారు. 2007 మార్చి 5న కారు బాంబు ఆ వీధిని తగలబెట్టింది. 1917 నాటి షాబందర్ కాఫీ హోటల్ కూడా కూలిపోయింది. దాని యజమాని కొడుకులు అందులోనే పోయారు. ఆయన మళ్లీ కట్టి తెరిచాడు. 2008 చివరికి వీధీ తెరుచుకుంది. చావు లెక్క దగ్గర ఆగిపోకుండా ఇక్కడిదాకా రా.

2019 అక్టోబరు దాకా కూడా రా. నీ వ్యాసం ఐసిస్ మోసుల్‌ను పట్టుకున్న 2014 దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాత బాగ్దాద్ తహ్రీర్ చౌక్‌లో, శిల్పి జవాద్ సలీం చేసిన స్వాతంత్ర్య స్మారకం కింద లక్షల మంది కుర్రాళ్లు చేరి "మాకు దేశం కావాలి" అన్నారు. నాసిరియా, బస్రా, నజఫ్, కర్బలాల్లోనూ జనం లేచారు, అన్నీ షియా ఊళ్లే. వాళ్లు తిరగబడింది షియా పార్టీలు నడిపే ప్రభుత్వం మీద, ఆ వాటాల పంపకం మీద. నవంబరులో నజఫ్ యువకులు ఇరాన్ కాన్సులేట్‌నే తగలబెట్టారు. గాయపడ్డవాళ్లను మన ఆటోల లాంటి బళ్ల డ్రైవర్లు పైసా తీసుకోకుండా ఆస్పత్రికి చేర్చారు. దాదాపు 600 మంది చనిపోయారు. ప్రధాని రాజీనామా చేశాడు. నీ మొదటి వాక్యాన్ని ఎందుకు కొట్టెయ్యమన్నానో ఈ పిల్లల్ని చూస్తే తెలుస్తుంది.

చివరగా ఒక పని చెబుతాను. నువ్వు రాయచోటి వైపువాడివి. 1990 ఆగస్టు 2న సద్దాం కువైట్‌ను ఆక్రమించినప్పుడు అక్కణ్నించి బయటపడ్డ లక్షా 70 వేలకు పైగా భారతీయుల్లో మీ అప్పటి కడప జిల్లావాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లు బస్సుల్లో బస్రా, బాగ్దాద్ మీదుగా ఎడారి దాటి జోర్డాన్‌లోని అమ్మాన్‌కు చేరి, అక్కడ విమానం ఎక్కారు. అంటే ఇరాక్‌ను కళ్లారా చూసినవాళ్లు నీ ఇంటికి నాలుగు వీధుల అవతలే ఉండవచ్చు. ఇప్పుడు వాళ్లకు అరవై, డెబ్భై ఏళ్లు. వెళ్లి కూర్చో. దారిలో ఏం తిన్నారు, నీళ్లు ఎవరిచ్చారు, బస్సుకు ఎంత కట్టారు, ఇరాకీ సిపాయి ఎలా మాట్లాడాడు అని అడుగు. రాజకీయాలు అడగొద్దు, అవి వాళ్లే చెబుతారు. ఇళ్లలో పనిచేసిన ఆడవాళ్లను వేరుగా అడుగు, వాళ్లు చూసిన కువైట్ వేరు. వాళ్లు ఒప్పుకుంటేనే రాయి, పేర్లు మార్చు.

మొత్తం ఒకేసారి తిరగరాయాలని టెన్షన్ పడకు. ముందు 2003 మే నెల ఒక్కటే రాసి పంపు. ఆ రెండు ఉత్తర్వులు, జీతం ఆగిపోయిన ఒక సిపాయి ఇల్లు, జూన్ ధర్నా. అది చూశాక మిగతాది మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి