జీను మీద నుంచి జవాబులు

(ఈ శీర్షిక నిర్వహిస్తున్న రచయిత్రి న్యూజెర్సీలో ఉంటారు. ఫ్రీలాన్స్‌గా రాస్తారు, సొంత గుర్రంతో ఔత్సాహికుల పోటీల్లో పాల్గొంటారు.)

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. స్వారీ ఆలస్యంగా మొదలుపెట్టాను. వచ్చే నెల మా ఊళ్లో జరిగే హంటర్ పోటీకి (గుర్రం జంపులు దాటే తీరుకు మార్కులు వేసే పోటీ) పేరు ఇవ్వమని మా శిక్షకురాలు అంటున్నారు. అక్కడ అందరూ పదేళ్ల, పన్నెండేళ్ల పిల్లలేనట. నవ్వులపాలవుతానేమో! వెళ్లమంటారా?
– ఒక పాఠకురాలు, రాలీ, నార్త్ కరోలినా

జవాబు: వెళ్లండి. పిల్లలు ఉంటారు, నిజమే. వార్మప్ రింగులో పోనీల మీద మీ మోకాలు రాసుకుంటూ దూసుకుపోతారు. వాళ్లకు మీరసలు కనిపించరు కూడా. మిమ్మల్ని శ్రద్ధగా చూసేది జడ్జి ఒక్కరే, హంటర్ క్లాసులో ఆ జడ్జి చూసేది కూడా గుర్రాన్నే. ఎనిమిది జంపులూ ఒకే వేగంతో, ఒకే లయలో దాటిందా, ముందుకాళ్లు చక్కగా మడిచిందా, మలుపులో ముందుకు వేసే కాలు సరిగ్గా మార్చుకుందా, ఇష్టంగా పోయిందా, తోక విసురుతూ విసుక్కుందా అన్నదే లెక్క. మీ వయసుకు మార్కులు లేవు, నా పొట్టకూ లేవు. రౌతు కూర్చునే తీరుకు మార్కులు వేసే ఈక్విటేషన్ క్లాసులు వేరే ఉన్నాయి. మొదటిసారి వాటి జోలికి పోకండి.

పెద్దవాళ్లకు ‘అడల్ట్ అమెచ్యూర్’ (స్వారీ వృత్తి కాని ఔత్సాహికులు) అని ప్రత్యేక విభాగం ఉంది. పెద్ద పోటీల్లో అందులో జంపు ఎత్తు మూడడుగులు. ఊరి పోటీల్లో రెండున్నర అడుగులవీ, రెండడుగులవీ, ఇంకా కిందికి వస్తే రెండు కర్రలు ఇంటూ గుర్తులా పెట్టినవీ ఉంటాయి. మీరు రోజూ సాధన చేసే ఎత్తు కంటే ఒక మెట్టు తక్కువకు పేరు ఇవ్వండి. శిక్షకులు ఇందుకు ఒప్పుకుంటారు. భర్తలే ‘అంత ఫీజు కట్టి ఇంత చిన్నదా’ అంటారు. అననివ్వండి.

ఈ నెలంతా మీరు చేయాల్సిన పని ఒకటుంది. సరిగ్గా మూడడుగుల అంగ వేసి నడవడం అలవాటు చేసుకోండి, జంపుల మధ్య దూరాన్ని నడిచి కొలవడానికి. క్యాంటర్‌లో, అంటే ఒక మోస్తరు దౌడులో, గుర్రం వేసే అంగ సుమారు 12 అడుగులు, అంటే మీవి నాలుగు. రెండు జంపుల మధ్య దూరం కొలిచినప్పుడు గుర్రం నేల మీద దిగడానికి ఆరడుగులు, మళ్లీ లేవడానికి ఆరడుగులు తీసేయాలి. కాబట్టి 60 అడుగులుంటే మధ్యలో నాలుగు అంగలు, 72 ఉంటే ఐదు. తక్కువ ఎత్తు క్లాసుల్లో ఈ దూరాన్ని కాస్త కుదిస్తారు, ఆ రోజు మీ శిక్షకురాలిని అడిగి తెలుసుకోండి. నేను ఎడిసన్‌లో ఇండియన్ కిరాణా కొట్టు ముందు పార్కింగు స్థలంలో ఇలా నడిచేదాన్ని. బియ్యం బస్తా మోసుకొస్తున్న ఒక పెద్దాయన ఆగి, ‘‘స్థలం కొంటున్నావా అమ్మా?’’ అని అడిగారు.

ఇక పోటీ రోజు. తెల్లవారకముందే లేచి గుర్రానికి స్నానం చేయించి, జూలు సన్నటి జడలుగా అల్లి, ట్రైలర్ ఎక్కించి తీసుకెళితే, రెండు నిమిషాలు కూడా పట్టని మీ వంతు మధ్యాహ్నం ఎప్పుడో వస్తుంది. మిగతా కాలమంతా ఎదురుచూపే. మడత కుర్చీ, గొడుగు, పులిహోర పట్టుకెళ్లండి. లేత రంగు బ్రీచెస్ (స్వారీ ప్యాంటు) మీద పసుపు మరక పడితే పోదు, పైన పాత ప్యాంటు తొడుక్కుని తినండి.

రిబ్బన్ వస్తే రంగు చూసుకోండి. అమెరికాలో మొదటి స్థానానికి నీలం, రెండో స్థానానికి ఎరుపు. బ్రిటన్‌లో ఇది తలకిందులు. నా ఎరుపు రిబ్బన్ ఫొటో చూసి లండన్‌లో ఉన్న మా పెదనాన్న కూతురు మొదటి బహుమతి అనుకుని బంధువులందరికీ చెప్పేసింది. అంత సంతోషాన్ని ఎందుకు చెడగొట్టడమని ఊరుకున్నాను.

ప్రశ్న: గుర్రాల గురించి పత్రికలకు రాసి డబ్బు తీసుకుంటే అమెచ్యూర్ హోదా పోతుందా? మా బార్న్‌లో (గుర్రపుశాలలో) తలా ఒక మాట చెబుతున్నారు.
– ఒక పాఠకురాలు, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: పోదు. గుర్రాల గురించి పుస్తకాలు, వ్యాసాలు రాసుకోవచ్చని యూఎస్ ఈక్వెస్ట్రియన్ ఫెడరేషన్ నిబంధనల్లోనే ఉంది. పశువైద్యం, లాడాలు కొట్టడం, జీనులు అమ్మే దుకాణం నడపడం కూడా తప్పు కాదు. 18 ఏళ్లు నిండాక డబ్బు తీసుకుని స్వారీ చేసినా, గుర్రాలకు శిక్షణ ఇచ్చినా, పాఠాలు చెప్పినా హోదా పోతుంది. ‘మడమలు కిందికి దించండి’ అని వ్యాసంలో వేలమందికి చెప్పి చెక్కు తీసుకోవచ్చు. రింగు మధ్యలో నిలబడి పక్కింటి పాపకు అదే మాట చెప్పి ఇరవై డాలర్లు తీసుకోకూడదు. తర్కం నన్ను అడగకండి. ఫెడరేషన్ పోటీ సంవత్సరం డిసెంబరు 1న మొదలవుతుంది. ఆ వారంలో నిబంధనలు ఒకసారి తిరగేయండి, మారుతుంటాయి.

మీరు అడగలేదు గానీ, మన ఆడవాళ్లలో చాలామందికి పనికొస్తుందని చెబుతున్నాను. డిపెండెంట్ వీసా మీద ఉండి పని అనుమతి లేకపోతే, గుర్రాల సంస్థ ఒప్పుకున్నా ఇమ్మిగ్రేషన్ వాళ్లు ఒప్పుకోరు. పారితోషికం తీసుకునే ముందు లాయర్‌ని అడగండి.

ప్రశ్న: మా అమ్మాయి వర్జీనియాలో ఉంటుంది. 36 ఏళ్లు, మంచి ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. ఇప్పుడు గుర్రం కొంటానంటోంది. ఎంత ఖర్చవుతుంది? ఆపడం ఎలా? కొనేసేటట్టయితే ఉలవలు పంపనా?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, ఆపడం నా వల్ల కాదు. కొన్నాళ్లు వాయిదా వేయించగలను.

ముందు ఖర్చు సంగతి. కొనే ధర చూసి మోసపోవద్దని చెప్పండి. రేసులు మానేసిన థరోబ్రెడ్‌లు (పందేల జాతి గుర్రాలు) చవగ్గానే దొరుకుతాయి, మా గుర్రం బెల్లం అలా వచ్చినవాడే. తరువాతది మీకు తెలిసిన సామెతే: గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు. స్టాల్ అద్దె, మేత, పనివాళ్లు అన్నీ కలిపిన బోర్డింగు మా న్యూజెర్సీలో నెలకు వెయ్యి డాలర్లు దాటడం మామూలు. 500 కిలోల గుర్రానికి రోజుకు ఎనిమిది నుంచి పది కిలోల గడ్డి కావాలి. ఆరు వారాలు తిరిగేసరికి లాడాల మనిషి వస్తాడు. టీకాలు వేయించాలి, పదునెక్కిన పళ్ల అంచులు అరగదీయించాలి. అన్నిటికంటే భయపడాల్సింది కడుపునొప్పికి. గుర్రం వాంతి చేసుకోలేదు, పేగు మెలిపడితే ఆపరేషనే గతి, దాని బిల్లు వేల డాలర్లలో ఉంటుంది. పైగా పాతికేళ్లు, ఇంకా ఎక్కువ కూడా బతుకుతుంది. మీ మనవల చదువులు అయిపోయాక కూడా అది నిక్షేపంగా మేస్తూ ఉండవచ్చు.

కాబట్టి అమ్మాయిని హాఫ్ లీజుకు తీసుకోమనండి. గుర్రం ఇంకొకరిది. వారంలో కొన్ని రోజులు మీ అమ్మాయిది, ఖర్చులో సగం ఆమె భరిస్తుంది. చలికాలం ఒకటి గడవనివ్వండి. ఆఫీసు నుంచి నేరుగా వెళ్లి, చీకట్లో నీళ్ల తొట్టిలో మంచు పగలగొట్టి, పేడ ఎత్తి, స్వారీ చేసే తీరిక లేకుండానే ఇంటికి వచ్చే రోజులు ఉంటాయి. మార్చి నెలలో కూడా కొంటాననే అంటే ఇక అడ్డుపడకండి. అప్పుడైనా కొనే ముందు పశువైద్యుడి పరీక్ష తప్పనిసరి, అమ్మేవాళ్ల డాక్టరు కాకూడదు.

ఉలవలు తప్పకుండా పంపండి. ఇక్కడి గుర్రాలకు గుళికల దాణా అలవాటు. ఉలవలతో మీ అమ్మాయి చారు కాచుకుంటుంది.

ప్రశ్న: విదేశీ గుర్రాల పత్రికలకు ఇక్కడి నుంచి రాయాలని ఉంది. ఏ విషయాలు తీసుకుంటారు?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మనిషికీ గుర్రానికీ మధ్య మాటలకందని బంధం గురించి మాత్రం పంపకండి. సంపాదకుల దగ్గర అవి గుట్టలుగా ఉంటాయి, నావీ అందులో ఉన్నాయి.

మీ దగ్గర ఉన్నదీ, వాళ్ల దగ్గర లేనిదీ పంపండి. మలక్‌పేట రేస్‌కోర్సు నుంచి రిటైరైన గుర్రాలు ఎక్కడికి వెళుతున్నాయి? అక్కడ లాడాలు కొట్టేవాళ్లు ఈ విద్య ఎవరి దగ్గర నేర్చుకున్నారు? హైదరాబాద్ శివార్లలోని జాతీయ పోలీసు అకాడమీలో ఐపీఎస్ శిక్షణార్థులకు గుర్రపు స్వారీ నేర్పుతారు. ఎప్పుడూ గుర్రం ఎక్కని ఒక ఇంజినీరింగ్ పట్టభద్రుడు మొదటి వారం ఎలా నడిచాడో కనుక్కుని రాస్తే ఏ దేశంలోనైనా చదువుతారు. క్రీడా వార్తలూ ఉన్నాయి. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ఫవాద్ మీర్జా ఈవెంటింగ్‌లో (డ్రెస్సాజ్, క్రాస్ కంట్రీ, జంపింగ్ మూడూ కలిసిన పోటీ) వ్యక్తిగత రజతం గెలిచారు. 2023లో హాంగ్‌జౌలో మన డ్రెస్సాజ్ జట్టు (గుర్రం చేత లయగా నిర్ణీత కదలికలు చేయించే పోటీ) స్వర్ణం తెచ్చింది. ఆసియా క్రీడల గుర్రపు స్వారీ పోటీల్లో మనకు అంతకు ముందు స్వర్ణం వచ్చింది 1982లో.

వ్యాసమంతా రాసి పంపకుండా ముందు రెండు పేరాల ప్రతిపాదన పంపండి: విషయం ఏమిటి, ఎవరు మాట్లాడతారు, ఫొటోలు ఎవరివి. ఒప్పుకున్నాక రెండు సంగతులు రాతలో అడగండి. చెల్లింపు అంగీకరించినప్పుడా, అచ్చయ్యాకా? హక్కులు ఎవరివి? అచ్చయ్యాక ఇస్తామనేవాళ్ల దగ్గర నా వ్యాసం ఒకటి గుర్రం గర్భం మోసే కాలం కంటే ఎక్కువ ఆగింది. గుర్రం గర్భం 11 నెలలు.

ప్రశ్న: గుర్రాన్ని ఎడమ వైపు నుంచే ఎందుకు ఎక్కుతారు?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: కుడిచేతి వాటం సైనికుడికి కత్తి ఎడమ తుంటికి వేలాడుతుంది. కుడివైపు నుంచి ఎక్కితే అది కాళ్లకు అడ్డం పడుతుంది. కత్తులు పోయాయి, అలవాటు మిగిలింది. నిజానికి అప్పుడప్పుడు కుడివైపు నుంచి ఎక్కడం గుర్రం వీపుకూ మంచిదే, మీ మోకాలికీ మంచిదే.

ప్రశ్న: కిందపడ్డాను. దెబ్బలేమీ లేవు, హెల్మెట్ కూడా చూడటానికి బాగానే ఉంది. వాడవచ్చా?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: తల నేలకు తగిలి ఉంటే వాడకూడదు. లోపలి నురుగు పొర ఒక్కసారి నలిగితే మళ్లీ దెబ్బను పీల్చుకోలేదు, పైపెంకు మాత్రం కొత్తదిలాగే మెరుస్తుంది. స్వారీ కోసం ధ్రువీకరించిన హెల్మెట్ కొత్తది కొనండి, సైకిలుది పనికిరాదు. ఆ రాత్రి తలనొప్పి, వాంతులు, మతిమరుపు ఏవి కనిపించినా ఆస్పత్రికి వెళ్లండి. పాతదాన్ని మాత్రం నేర్చుకునే పిల్లలకు దానం చేయకండి. పట్టీలు కత్తిరించి చెత్తలో వేయండి, లేకపోతే ఎవరో ఒకరు ఏరుకుని పెట్టుకుంటారు.