సుధకి, కుక్కపిల్ల ఇంటికి రాకముందు

చిరంజీవి సుధకి,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు ఇటాలియన్ గ్రేహౌండ్ పిల్లను తెచ్చుకుంటున్నావని మీ అమ్మ రాత్రి ఫోన్‌లో చెప్పింది. వీధి కుక్కపిల్లను కోళ్ళగంప కింద దాచి, నీ గ్లాసులో పాలు దానికి పోసిన పిల్లవి నువ్వు. నీ ఇంటికి వచ్చే కుక్క అదృష్టవంతురాలే. కానీ ఫొటో చూసి అడ్వాన్సు పంపబోతున్నావట! ఈ ఉత్తరం పూర్తిగా చదివేదాకా ఒక్క డాలరు పంపకు.

"టీకప్", "మినీ" అని రాసుకున్నవాళ్ళను, ఎప్పుడడిగినా పిల్లలు సిద్ధమనేవాళ్ళను, నాలుగైదు జాతులు కలిపి అమ్మేవాళ్ళను పక్కన పెట్టు. అమెరికన్ కెన్నెల్ క్లబ్ ప్రమాణం ప్రకారం ఈ జాతి ఎత్తు భుజం దగ్గర 13 నుంచి 15 అంగుళాలు. అసలే పుల్లల్లాంటి కాళ్ళు, ఇంకా చిన్నగా పుట్టించాలని చూస్తే ఏమవుతాయో ఆలోచించు. "అరుదైన రంగు" అని ఎక్కువ అడిగేవాళ్ళూ వద్దు. మెర్ల్ అనే మచ్చల రంగు ఈ జాతిలో లేదు, ఉందంటే ఎక్కడో వేరే జాతి కలిసినట్టే. బూడిద నీలం రంగు ఉంది గానీ, అలాంటి వాటిలో కొన్నిటికి పెద్దయ్యాక బొచ్చు పలచబడుతుంది. క్లబ్ రిజిస్ట్రేషన్ కాగితం చూపిస్తే మురిసిపోకు. తల్లిదండ్రులెవరో అది చెబుతుంది, వాటి ఆరోగ్యం గురించి ఒక్క ముక్క చెప్పదు.

ఆరోగ్యానికి అడగాల్సింది తల్లి, తండ్రి ఇద్దరి ఓఎఫ్‌ఏ (కుక్కల ఆరోగ్య పరీక్షల ఫలితాలు నమోదు చేసే అమెరికా సంస్థ) ఫలితాలు: మోకాలి చిప్పలు, కళ్ళు, థైరాయిడ్, తుంటి దగ్గర ఎముక చచ్చుబడే లెగ్-పెర్తీస్ జబ్బు. పళ్ళ ఎనామిల్ లోపానికి డీఎన్‌ఏ పరీక్ష కూడా ఉంది. రెండు పక్కల నుంచీ ఆ జన్యువు వస్తేనే పిల్లకు జబ్బు. కాబట్టి ఒకదానిలో ఉన్నా కంగారు పడక్కర్లేదు, రెండిట్లోనూ ఉంటే మాత్రం ఆ జంట పిల్ల వద్దు. రిజిస్టరైన పేర్లు తీసుకుని ఓఎఫ్‌ఏ సైట్‌లో నువ్వే వెతుకు. "మా వెట్ (పశువుల డాక్టర్) చూశారు" అంటే స్టెతస్కోపు పెట్టి చూశారని, అంతే.

ఇక ఏ సైట్‌లోనూ దొరకని ప్రశ్న ఒకటుంది. "ఈ పిల్ల తల్లికి, తండ్రికి, వాటి తోబుట్టువులకు ఎప్పుడైనా కాళ్ళు విరిగాయా? ఏ వయసులో, ఏం చేస్తుంటే?" ఎముక గట్టిదనానికి పరీక్ష లేదు, ఆ వంశం చరిత్రే ఆధారం. మంచి బ్రీడర్, అంటే కుక్కపిల్లలను పుట్టించి అమ్మే మనిషి, లెక్క చెబుతుంది. ఈ జాతిలో అసలెప్పుడూ ఒక్క కాలూ విరగలేదంటే నేనైతే నమ్మను. పది, పన్నెండు వారాలు నిండకుండా పిల్లను ఇచ్చే మనిషైతే వదిలెయ్. ఏ కారణంతోనైనా పెంచలేకపోతే వెనక్కి తీసుకుంటానని ఒప్పందంలో రాయాలి. మంచి బ్రీడరైతే నీ ఉద్యోగం వేళలు, ఫెన్సింగ్, అద్దె ఇంటి షరతులు తనే గుచ్చి గుచ్చి అడుగుతుంది. కోపం తెచ్చుకోకు, అడగనిచ్చు.

ఇప్పుడు మీ అన్నయ్య చేసిన తప్పు. నీకు సగమే తెలుసు. వాడి కుక్కపిల్లకు అప్పుడు ఏడు నెలలు. సోఫా వీపు మీద కూర్చుని ఉంది, కాలింగ్ బెల్ మోగింది, చెక్క నేల మీదికి దూకింది. కుడి ముంగాలి ఎముకలు రెండూ మణికట్టుకు కాస్త పైన విరిగాయి. ఆపరేషన్ చేసి ప్లేటు వేస్తే వేల డాలర్లు, స్ప్లింట్ కడితే కొన్ని వందలు అన్నారు. వాడు స్ప్లింట్ అన్నాడు. పుత్తూరు కట్టు గొప్పలు వింటూ పెరిగినవాళ్ళం, విరిగిన ఎముక కట్టుతో అతుక్కుంటుందనే మనందరికీ తెలుసు. కానీ చిన్న జాతుల్లో ఆ చోట కండ ఉండదు, ఎముకకు రక్తం అందించే నాళాలూ తక్కువే. పైన కట్టు ఎంత బిగించినా లోపల కొసలు కదులుతూనే ఉంటాయి. ఆరు వారాల్లో కట్టు రెండుసార్లు మంచులో తడిసింది, కింద చర్మం పుండైంది. విప్పి ఎక్స్‌రే తీస్తే ఎముక అతకలేదు సరికదా, కొసలు కరిగి సన్నబడ్డాయి. చివరికి ప్లేటూ వేశారు, వేరే చోటి నుంచి ఎముక తీసి అంటు కూడా కట్టారు. ముందే వేయించి ఉంటే అయ్యేదానికన్నా ఎక్కువ ఖర్చు, ఆ కాలు మళ్ళీ పూర్తిగా వంగలేదు. వాణ్ణి తిట్టాలని రాయడం లేదమ్మా, ఆ ఆరు వారాలూ వాడు నేల మీదే పక్కేసుకుని దాని పక్కన పడుకున్నాడు.

కాబట్టి నీ పిల్ల ఎప్పుడైనా కాలు విరిగి కేక పెడితే కాలు లాగి చూడకు, నూనె రాయకు, నువ్వు కట్టు కట్టకు. చిన్న పెట్టెలో తువ్వాలు పరిచి, కదలకుండా పడుకోబెట్టి ఎమర్జెన్సీకి తీసుకెళ్ళు. మనుషుల నొప్పి మాత్రలు, ఐబుప్రోఫెన్ గానీ టైలెనాల్ గానీ, ఒక్కటి కూడా వేయకు. రెండు కోణాల ఎక్స్‌రే అడుగు, చిన్న జాతులకు ప్లేట్లు వేసిన ఎముకల సర్జన్ కావాలని గట్టిగా అడుగు. బీమా మొదటి వారంలోనే తీసుకో. ఒకసారి కుంటిందని రికార్డులో పడితే తర్వాత ఆ కాలికి ఇవ్వరు. మత్తు ఇచ్చే ముందు ఇది చూపుతో వేటాడే జాతి, సైట్‌హౌండ్ అని డాక్టర్‌కు నువ్వే గుర్తుచెయ్యి. ఒంట్లో కొవ్వు ఉండదు, కొన్ని మత్తుమందుల నుంచి ఆలస్యంగా తేరుకుంటాయి, బల్ల మీద త్వరగా చల్లబడతాయి.

ఎక్కువగా విరిగేది నాలుగు నెలల నుంచి ఏడాది లోపు. ఆ ఏడాది సోఫాకూ మంచానికీ ఫోమ్ మెట్లు పెట్టు, చెక్క నేల మీద జారని తివాచీ పరువు, మెట్లకు గేటు బిగించు. గోళ్ళు వారానికోసారి తీయి. ఎత్తుకునేటప్పుడు ఒక చేయి రొమ్ము కింద, ఒకటి పిరుదుల కింద ఉండాలి. దించేటప్పుడు నాలుగు పాదాలూ నేలకు ఆనాకే వదులు. ఇంటికొచ్చిన పిల్లలు ముద్దు చేయాలంటే నేల మీద కూర్చుని చేయమను, నిలబడి ఎత్తుకోనివ్వకు. ఎముకలకు మంచిదని క్యాల్షియం పొడి కలపకు. కుక్కపిల్లల కోసం చేసిన దాణాలో సరిపడా ఉంటుంది, ఎక్కువైతే ఎదుగుదలే చెడుతుంది.

తల సన్నం, మెడ పొడవు, మామూలు పట్టీ ఇట్టే జారిపోతుంది. లాగితే కాస్త బిగుసుకునే పట్టీ, వెడల్పాటి మార్టింగేల్ కొను. సాగి మళ్ళీ చుట్టుకునే తాడు వద్దు, పరుగెత్తి తాడు చివర ఒక్కసారిగా ఆగితే మెడకు దెబ్బ. ఉడత కనిపించాక దానికి నీ పిలుపు వినపడదు. ఫెన్సింగ్ లేని చోట ఎంత బతిమాలినా వదలకు, తలుపు తీసేముందు అదెక్కడుందో చూసుకో.

పళ్ళు రోజూ తోమాలి, కుక్కల పేస్టుతోనే. ఈ జాతికి చిగుళ్ళు చిన్న వయసులోనే పాడవుతాయి. మన వంటింట్లో కుక్కకు విషమయ్యేవి వేరే ఉన్నాయి: ఉల్లి, వెల్లుల్లి పడ్డ సాంబారు, పాయసంలో కిస్‌మిస్, జైలిటాల్ అనే తీపి పదార్థం ఉన్న చక్కెరలేని బబుల్ గమ్. చివరి రెండు మూడు పక్కటెముకలు కనిపిస్తుంటే "కడుపు మాడుస్తున్నావా" అని మీ అమ్మ అంటుంది. కంగారుపడకు, అదే సరైన ఒళ్ళు.

మిషిగన్ చలిలో బయటికి వెళ్ళనని మొండికేస్తుంది, ఇంట్లోనే తడుపుతుంది. అరిస్తే దాక్కుని పోస్తుంది, అంతకు మించి ఏమీ నేర్చుకోదు. వాకిట్లో చిన్న జాగా మంచు తీసి ఉంచు, స్వెటర్ తొడిగి నువ్వూ వెళ్ళి నిలబడు, పని కాగానే అక్కడే తినడానికి చిన్న ముక్క పెట్టు. ఏడాది పట్టినా పట్టొచ్చు. అంత ఓపిక ఇప్పుడు లేదనుకుంటే రెస్క్యూలో, అంటే వదిలేసిన కుక్కలను చేరదీసే చోట, రెండేళ్ళు దాటినదాన్ని తెచ్చుకో, కాళ్ళ గండం చాలావరకు గడిచి ఉంటుంది.

తల్లిదండ్రుల రిజిస్టర్డ్ పేర్లు తెలియగానే నాకు పంపు, ఇద్దరం కలిసి చూద్దాం. ఊలు తెప్పించాను, పసుపు రంగు. పిల్ల వచ్చాక మెడ చుట్టుకొలత, రొమ్ము చుట్టుకొలత, మెడ నుంచి తోక మొదలు దాకా పొడవు కొలిచి రాయి. రొమ్ము లోతుగా ఉంటుంది, టేపు వదులుగా పట్టుకో.

మీ పెద్దమ్మ