బ్రాకెట్లో పేరు, ఏడాది

చి. అమ్మలుకి ఆశీస్సులు.

నీ థీసిస్ మొదటి అధ్యాయం చదివాను. వాదన గట్టిగా ఉంది. బ్రాకెట్లలో పేర్లు, ఏడాదులు మాత్రం ఒకసారి సరిచూసుకోవాలి. ఆధారాలు చూపడానికి అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ పెట్టిన ఏపీఏ పద్ధతిలో అదే ప్రాణం కదా.

సురవరం ప్రతాపరెడ్డి గారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' ఒకచోట (సురవరం, 1949) అని, ఇంకోచోట (రెడ్డి, 1949) అని ఉంది. చదివేవాళ్లు ఇద్దరు రచయితలనుకుంటారు. ఆధారాలు అమర్చే సాఫ్ట్‌వేర్ చివరి మాటను ఇంటిపేరుగా తీసుకుని ఉంటుంది. మనవాళ్ల ఇంటిపేరు చాలాసార్లు ముందే ఉంటుంది. అందుకే అందులో ఇంటిపేరు గడిలో 'సురవరం' అని నువ్వే టైప్ చెయ్యి. మీ గైడ్ పూర్తి పేరే రాయమంటే అలాగే రాయి, కానీ థీసిస్ అంతా ఒకే తీరుండాలి. ఉపయుక్త గ్రంథసూచిలో అకారాది క్రమం కూడా ఆ పేరు మీదే నడుస్తుంది.

ఇక ఏడాది. ఎవరి ఆలోచన ముందు, ఎవరిది తర్వాత అన్నది పాఠకుడికి వాక్యం మధ్యలోనే తెలియాలని ఏడాది వేస్తాం. నువ్వు చదివిన తర్వాతి ముద్రణ ఏడాది ఒక్కటే వేస్తే, 1953లో కన్నుమూసిన మనిషి ఆ తర్వాతెప్పుడో పుస్తకం రాసినట్టవుతుంది. అందుకే ముందు 1949, ఏటవాలు గీత, ఆ పక్కన నీ చేతిలోని ముద్రణ ఏడాది వెయ్యి. పేజీ నంబర్ మాత్రం నీ ప్రతిలోదే ఇవ్వాలి. మాటకు మాట ఎత్తిరాసిన ప్రతిచోటా పేజీ తప్పనిసరి.

రచయితలు ముగ్గురు, అంతకు మించి ఉంటే మొదటిసారి నుంచే ఒక పేరు, 'తదితరులు' చాలు. 2019లో వచ్చిన ఏపీఏ నియమావళి ఏడో ఎడిషన్ నియమం ఇది.

ఇంకొకరి వ్యాసంలో కనబడిన మాటను మూలమే చదివినట్టు చూపించకు. వీలైతే మూలం తెప్పించుకో. దొరక్కపోతే ఫలానా వారి వ్యాసంలో ఉటంకించినది అని రాయి. ఈ విషయంలో నేను పట్టు వదలను తల్లీ, చదవనిది చదివానని చెప్పడం పరిశోధన కాదు.

లైబ్రరీలో పుస్తకం తీసినప్పుడే టైటిల్ పేజీనీ, దాని వెనక ముద్రణ వివరాలున్న పేజీనీ ఫోన్‌లో ఫోటో తీసుకో. సబ్మిషన్ ముందు ఆ టెన్షన్ ఉండదు. రెండో అధ్యాయంతో పాటు అవీ పంపు, కూర్చుని సరిచూస్తాను.

మీ పెద్దనాన్న